జపాను వాఙ్మయ రంగస్థల చలనచిత్రములలో లెస్బియన్, ట్రాన్స్‌జెండర్ పాత్రలు : చిత్రణ పరిణామము

జపాను రంగస్థలముపై స్త్రీ పాత్రలను ధరించు పురుషులకు మూడు శతాబ్దములకు పైగాను, పురుష పాత్రలను ధరించు స్త్రీలకు ఒక శతాబ్దముగాను లభించుచున్న గౌరవము లోకవిదితము. ఈ గౌరవమును చూచి, ఆ దేశపు సంస్కృతి స్త్రీని ప్రేమించు స్త్రీని, పుట్టుకతో నిర్ణయింపబడిన లింగమును విడిచి వేరొక లింగమున జీవింపగోరు వ్యక్తిని సహజముగనే ఆదరించినదని తలచువారు పెక్కుమంది కలరు. ఈ తలంపు సగము మాత్రమే నిజము. వేషమునకు దొరకిన గౌరవము జీవితమునకు దొరకలేదు. ఆ రెంటి నడుమనున్న దూరము ఒక్కొక్క యుగమున ఎట్లు పెరిగినదో, ఎట్లు తరిగినదో రచనలను పట్టి పరిశీలించుట ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

ముందుగా పారిభాషిక పదముల విషయమై ఒక మాట. స్వలింగానురక్తి, లింగపరివర్తనము మొదలగు సంస్కృతసమములు మనకు లేకపోలేదు. కాని వానియందు వైద్యశాస్త్రపు వాసన మెండు. జపానువారును ఈ చిక్కునే ఎదుర్కొనిరి. ఇరువదవ శతాబ్దారంభమున ఐరోపా శాస్త్రగ్రంథముల ననుసరించి వారు కల్పించుకొనిన ‘దోసెయిఆయి’ అను పదమునకు ఏకలింగప్రేమ యని అర్థము. పదము పుట్టిన పిదపనే వస్తువు రోగముగా కనబడజొచ్చెను. కావున ఈ వ్యాసమున, ఆయా వ్యక్తులు నేడు తమకు తాము చెప్పుకొనుచున్న లెస్బియన్, ట్రాన్స్‌జెండర్ అను పదములనే వాడుచున్నాను. ప్రాచీన పాత్రల కీ పేర్లను తగిలించుట కాలవ్యతిక్రమమగును గనుక అచ్చట వానిని వాడలేదు.

ప్రాచీన గ్రంథములలో మొదట చెప్పదగినది ‘తొరికాయెబాయ మొనొగతారి’. హెయియన్ యుగాంతమున, అనగా పండ్రెండవ శతాబ్దమున, పుట్టిన కథ. నేడు లభించు పాఠము ఒక పూర్వపాఠమునకు సంస్కరణము. గ్రంథనామమునకు ‘మార్చుకొనగలిగిన నెంత బాగుండును’ అని అర్థము. ఇది ఒక తండ్రి నిట్టూర్పు. ఆ ప్రభువునకు వేర్వేరు భార్యలయందు ఒక కొడుకు, ఒక కూతురు. ఇద్దరి ముఖములును ఒక్క తీరుననే యుండును. కొడుకు తెరచాటున బొమ్మలతో ఆడుకొనును. బయటివారిని చూచిన సిగ్గుపడును. కూతురు బంతి యాడును, వేణువు నూదును, కవిత్వము చెప్పును. తండ్రి విధిలేక లోకము తలచినట్లే వారిని పెంచును. కూతురు పురుషుడుగా రాజాస్థానమున ప్రవేశించి చూనగాన్ పదవి నందుకొని, ఒక మంత్రి కూతును పెండ్లాడును కూడ. కొడుకు అంతఃపురమున నాయిషి నొ కమి యను పరిచారికాధికారిణి యగును. తరువాత నొక సహోద్యోగి చూనగాన్ రహస్యము కనిపెట్టుటయు, ఆమె గర్భవతియై ఊజి గ్రామమున దాగుటయు, తుదకు అన్నచెల్లెండ్రు ఒకరి స్థానమున నొకరు ప్రవేశించి ఎవరికి తగిన వేషము వారు ధరించుటయు జరుగును. ఈ విపర్యాసమంతయు పూర్వజన్మకర్మమూలమున ‘తెన్గు’ అను భూతము కలిగించిన బాధ యనియు, ఆ బాధ ఇప్పుడు తీరినదనియు తండ్రికి స్వప్నము వచ్చును.

మెయిజీ యుగపు సాహిత్య చరిత్రకారుడు ఫుజియోకా సకుతారో ఈ గ్రంథమును నీతిబాహ్యమని నిరసించెను. ఆ తీర్పు చాలకాలము నిలిచినది. కాని కథను తిన్నగా చదివినచో మనకు కనబడునది వేరు. ఊజిలో దాగి స్త్రీవేషము ధరించిన చూనగాన్ తాను విడిచివచ్చిన ఆస్థానజీవితమును తలచి పరితపించును. కథకర్త ఆమెను తిరిగి స్త్రీగా మార్చి మహారాజ్ఞిని చేసినాడు, లేదా చేసినది. కర్త పేరు తెలియదు. కాని పోయినదేదో పోయినదను స్పృహ మహారాజ్ఞి పదవివలన చెరిగిపోదు. భూతబాధ యను సమాధానము సమాజమునకై చెప్పబడినది. పరితాపము పాత్రకై చెప్పబడినది. తరువాతి ఎనిమిది వందల యేండ్ల చిత్రణలలో ఈ రెండు స్వరములును వేర్వేరు పాళ్ళలో వినబడుచునే యుండును. సైతో చిహో 2012లో ఈ కథను మాంగాగా, అనగా చిత్రకథగా, మరల చెప్పుట ప్రారంభించుట దీని జీవశక్తికి నిదర్శనము.

కబుకి చరిత్ర మనవారికి కొంత పరిచితము. 1603లో క్యోటోలో ఇజుమొ నొ ఒకుని అను స్త్రీ పురుషవేషముతో ఆడిన నాట్యమే దానికి మూలము. 1629లో ప్రభుత్వము స్త్రీలను రంగస్థలమునుండి నిషేధించెను. 1652లో బాలనటులను గూడ నిషేధించెను. మిగిలిన పురుషులలో స్త్రీపాత్రధారి ‘ఒన్నగత’ యయ్యెను. వారిలో సుప్రసిద్ధుడైన యొషిజావా అయమే (1673-1729) మాటలుగా సంకలనమైన ‘అయమెగుస’ యందు, ఒన్నగత రంగస్థలముపైననే గాక నిత్యజీవితమునను స్త్రీవలెనే మెలగవలెనని యున్నది. స్థానం నరసింహారావుగారి సత్యభామను గూర్చి విన్న మన కిది వింతగా తోచవచ్చును. స్థానంవారి స్త్రీత్వము తెర దిగినతో ముగిసెడిది. అయమే సిద్ధాంతమున తెర దిగదు. అయినను అతడు భార్యాపుత్రులు గల గృహస్థు. స్త్రీగా జీవింపగోరుటకు, స్త్రీగా జీవించుట వృత్తిధర్మమగుటకు భేదము కలదు. ఒన్నగతను నేటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తికి పూర్వరూపముగా చూపు వ్యాసములు ఈ భేదమును దాటవేయుచున్నవి.

దీనికి ప్రతిబింబము తకరజుక. రైలుమార్గపు యజమాని కొబయాషి ఇచిజో తన మార్గము చివరనున్న ఉష్ణకుండముల యూరికి ప్రయాణికులను రప్పించుటకై 1913లో బాలికల గాయక బృందమును కూర్చెను. 1914లో తొలి ప్రదర్శన జరిగెను. అందరును అవివాహితలైన స్త్రీలే. పెండ్లియైనచో బృందమును విడువవలెను. పురుషపాత్రధారిణికి ‘ఒతొకొయకు’ అని పేరు. మానవశాస్త్రజ్ఞురాలు జెన్నిఫర్ రాబర్ట్‌సన్ 1998లో ప్రకటించిన గ్రంథమున ఇచ్చట నొక శబ్దసూక్ష్మమును గమనించినది. ఒన్నగతయందలి ‘కత’ యనగా ఆదర్శరూపము. ఒతొకొయకునందలి ‘యకు’ యనగా పాత్ర, నియోగము. పురుషుడు స్త్రీత్వమునకే ప్రమాణము కావచ్చునట. స్త్రీకి మాత్రము పురుషత్వము అప్పగింపబడిన పని. అనుమతి ఇచ్చినట్లే ఇచ్చి, దానికి స్థలమును, కాలమును కొలిచి పెట్టుట ఇచ్చటనే తెలియుచున్నది.

ఈ కొలత బాలికల పాఠశాలలలో మరింత స్పష్టము. 1899 శాసనముతో ప్రతి మండలమునను బాలికోన్నత పాఠశాలలు వెలసెను. అచ్చట పెద్ద తరగతి బాలికకును చిన్న తరగతి బాలికకును నడుమ కలుగు గాఢానురాగమునకు ‘ఎస్’ అని పేరు వచ్చెను. సిస్టర్ అను ఆంగ్లపదపు మొదటి యక్షరమది. పెండ్లికి ముందు కలుగు తాత్కాలికావస్థయని పెద్దలు దీనిని సహించిరి. 1911 జులైలో టోక్యోలో కలిసి చదివిన ఇద్దరు యువతులు నీగాతా సముద్రతీరమున కలిసి మరణించినపుడు ఆ సహనము బెదరెను. పత్రికలు చర్చకు దిగినవి. ఆ చర్చలలో ఒక విభజన యేర్పడినది: సుకుమారులైన ఇద్దరు బాలికల స్నేహము నిరపాయము, ఇద్దరిలో నొకతె పురుషప్రాయ యైనచో అది వ్యాధి. తరువాతి చిత్రణలలో దండన తరచుగా ఎవరిపై పడినదో చూచినచో ఈ విభజన ఎంత దూరము ప్రయాణించినదో తెలియును.

ఆ 1911లోనే హిరత్సుకా రాయిచో ‘సెయితో’ అను స్త్రీల పత్రికను స్థాపించెను. కాని అనురాగమునకు భాషను కూర్చినది యొషియా నొబుకో (1896-1973). ‘హన మొనొగతారి’, అనగా పుష్పకథలు, 1916 నుండి బాలికల పత్రికలో వెలువడజొచ్చినవి. మొత్తము ఏబది రెండు కథలు. ఒక్కొక్కదానికి నొక్కొక్క పువ్వు పేరు. వాక్యములు ముగియవు, చుక్కలలో జారిపోవును. విమర్శకులు దీనిని కన్నీటి అలంకారమని వెక్కిరించిరి. నాకు మాత్రము ఆ చుక్కలు చెప్పరాని మాటకు విడిచిన చోటుగా తోచుచున్నవి. ఆ కథలలో పెక్కింటి ముగింపు వియోగమే. 1920లో వెలువడిన ‘యనెఉర నొ నిషొజొ’ (అటకమీది ఇద్దరు కన్యలు) అను నవలలో ఆమె ఈ కట్టడిని త్రెంచెను. అకికో, తమాకి యను నాయికలు వసతిగృహపు అటకను విడిచి, కలిసి బ్రదుకుటకై బయటికి నడతురు. చావు లేదు, పెండ్లి లేదు. అట్టి ముగింపు జపాను కథాసాహిత్యమున మరల సర్వసాధారణమగుటకు ఎనుబది యేండ్లు పట్టినది.

యొషియా జీవితమును ఈ సందర్భమున స్మరింపవలసియున్నది. 1923లో పరిచయమైన మొన్మ చియో అను గణితోపాధ్యాయినితో ఆమె తన శేషజీవితమును గడపెను. వారికి వివాహము శాసనసమ్మతము గాదు. 1957లో ఆమె చియోను దత్తత చేసికొనెను. లక్షలమంది పాఠకులు గల రచయిత్రికి తన జీవనసహచరిని చట్టము దృష్టిలో తనదానిగా చేసికొనుటకు కూతురను పేరుకంటె వేరు పేరు దొరకలేదు. వేషమునకు, జీవితమునకు గల దూరమని పైన చెప్పినది ఇదియే.

స్త్రీల చేతిలో పుష్పభాషయైన ఈ వస్తువు పురుషుల చేతిలో విషభాషయైనది. తనిజాకి జున్‌ఇచిరో 1928-1930 నడుమ ప్రకటించిన ‘మన్జి’ నవల దీనికి మేటి యుదాహరణము. వివాహితయైన సొనొకో తన కథను ఒసాకా మాండలికమున రచయితకు చెప్పుచుండును. చిత్రకళాశాలలో కరుణాదేవతయైన కన్నొన్ బొమ్మను గీయుచు ఆమె మిత్సుకోపై మోహము పెంచుకొనును. మోసములు, ప్రతిజ్ఞలు, విషపానము. శిల్పదృష్టితో ఇది ఉత్తమ రచన. మాండలికమున నడచిన ఆ సుదీర్ఘ స్వగతమునకు సాటి తక్కువ. కాని ఇచ్చట స్త్రీప్రణయము పరుల కుతూహలమునకై పరచిన దృశ్యము. మసుమురా యసుజో 1964లో దీనిని చలనచిత్రముగా తీసినపుడు, వకావో అయాకో, కిషిదా క్యోకోల నటన ఎంత గంభీరమైనను, ఆ కుతూహలమే ముందునకు వచ్చెను. పిదప రెండు దశాబ్దములు ‘రెజు’ అను కుదించిన పదము పురుషులకై తీయబడు అశ్లీల చిత్రములకు గుర్తుగా మారెను. స్త్రీలు తమ యనుభవమును చెప్పుకొనుటకు గల పదమే వారినుండి లాగికొనబడెను. కకెఫుదా హిరోకో 1992లో తన పేరుతో ‘లెస్బియన్ అయియుండుట’ అను నర్థము గల గ్రంథమును ప్రకటించుటలోని సాహసమును ఈ నేపథ్యమున తూచవలెను. దానిని ఆత్మకథ యనుటకంటె పదమును తిరిగి స్వాధీనపరచుకొను వ్యవహారపత్ర మనుట తగును.

పురుషుడుగా నమోదై స్త్రీగా జీవించువారి చిత్రణ నగరపు పానశాలల ద్వారమున తెరకెక్కెను. ఇందు 1969వ సంవత్సరము గమనార్హము. ఆ యేడు మత్సుమొతో తొషియో ‘బర నొ సొరెత్సు’ (గులాబీల శవయాత్ర) వెలువడెను. గ్రీకు ఈడిపస్ కథను తలక్రిందుచేసి, షింజుకు పానశాలలో స్త్రీవేషమున బ్రదుకు ఎడ్డీకి అన్వయించిన చిత్రమిది. నడుమ నడుమ కథను ఆపి, ఆ పానశాలలలో నిజముగా పనిచేయువారిని దర్శకుడు ప్రశ్నించును. వారు తమ మాటలతో బదులు చెప్పుదురు. ఎడ్డీ కన్నులు పొడుచుకొనుటకంటె నాకు ఆ బదుళ్ళే విలువగలవిగా తోచినవి. అదే 1969లో టోక్యో న్యాయస్థానము, లింగపరివర్తన శస్త్రచికిత్సలు చేసిన యొక వైద్యునకు యుజెనిక్ రక్షణ శాసనము క్రింద శిక్ష విధించెను. ‘బ్లూ బాయ్’ వ్యాజ్యమని దానికి పేరు. దాని ఛాయలో అట్టి చికిత్స బహిరంగముగా జరుగుట యించుమించు ముప్పది యేండ్లు నిలిచిపోయినది. వైద్యసంఘపు అనుమతితో మరల జరిగినది 1998లో సైతామాలో.

ఈ వ్యవధిలో ప్రధానమాధ్యమము మాంగా. తెజుకా ఒసాము బాల్యము తకరజుక పట్టణమున గడచినది. అతని ‘రిబొన్ నొ కిషి’ (1953) నాయిక నీలమణికి స్త్రీహృదయము, పురుషహృదయము రెండును కలవు. ఇకెదా రియొకో 1972లో ప్రారంభించిన ‘వెర్సాయ్ గులాబీ’ నాయిక ఆస్కార్ సైనికుడుగా పెంపబడిన స్త్రీ. 1974లో తకరజుక రంగమునకే చేరి ఆ సంస్థకు క్రొత్త ప్రాణము పోసినది. వీరందరు ప్రియతములైన పాత్రలు. వేషము ఉన్నంతవరకు ప్రేమ ఉన్నది. వేషము కాదు, ఇదియే నేను అని చెప్పిన పాత్రలకు ఏమైనదో చూడుడు. యమగిషి ర్యోకో 1971లో వ్రాసిన ‘తెల్లని గదిలో ఇద్దరు’ స్త్రీల ప్రణయమును సూటిగా చెప్పిన తొలి మాంగాలలో నొకటి. లోకాపవాదమునకు వెరచి రెజిన్ తొలగిపోవును, ధీరయైన సిమోన్ కత్తిపోటుకు మరణించును. ఇకెదాయే 1978లో వ్రాసిన ‘క్లోదిన్’ నాయకుడు స్త్రీశరీరమున పుట్టిన పురుషుడు. అతని కథను మనోవైద్యుడు చెప్పును. అతనిని నిజమైన పురుషుడని ఆ వైద్యుడు ఒప్పుకొనును. అయినను అతడు ఆత్మహత్య చేసికొనును. యొషిమొతో బనానా 1988లో గ్రంథముగా ప్రకటించిన ‘కిచెన్’ నందు, తండ్రిగా నుండి తల్లియైన ఎరికో అందరికంటె ఆప్యాయతగల పాత్ర. ఆమెను ఒక ఉన్మాది హత్యచేయును. సానుభూతికి కొరత లేదు. కాని ఆ సానుభూతి శవము దగ్గరనే పూర్ణమగును.

తొలి రెండు కథలకు రంగము ఫ్రాన్సు దేశమగుటయు యాదృచ్ఛికము గాదు. దూరదేశము కూడ ఒక తెరయే. 1990 ప్రాంతమున ఆ తెర తొలగజొచ్చెను. తకెఉచి నావొకో ‘సెయిలర్ మూన్’ నందలి హరుకా, మిచిరు అను జంట టోక్యో నగరమునందే, చంపబడక, దాగక, బాలికలకు ఆదర్శమై నిలిచిరి. అమెరికాలో ఆంగ్లానువాదము చేసినవారు వారిని పినతల్లి బిడ్డలుగా మార్చి చెప్పిరి. జపాను బాలికలకు తెలిసినది అమెరికా బాలికలకు తెలియరాదని కాబోలు! స్త్రీప్రణయకథలకు ‘యురి’ యను పేరు 1970 దశకమున పుట్టినది. 2003 నుండి ఆ శాఖకు ప్రత్యేక పత్రికలు వెలసినవి. దూరదర్శన వినోదకార్యక్రమములనుగూర్చి యెక్కువ చెప్పనక్కరలేదు. ‘న్యూ హాఫ్’ అనియు, ‘ఒనే’ అనియు పేర్లు పెట్టి ట్రాన్స్ స్త్రీలను పరిహాసమునకై పిలిచిరి. వారు తమ చతురతతో ఆ పరిహాసమును కొంత తమవైపు త్రిప్పుకొనిరి. గంభీరమైన చిత్రణ 2001-02లో పాఠశాల నాటకమాలిక ‘కిమ్పచి సెన్సెయి’ యందు వచ్చినది. ఉఎతో అయా ధరించిన విద్యార్థి పాత్ర తాను బాలుడనని చెప్పుకొనును. లక్షల యిండ్లలో ‘లింగతాదాత్మ్య వైకల్యము’ అను మాట అప్పుడే వినబడినది. 2003లో నమోదు లింగమును మార్చుకొనుటకు శాసనము వచ్చెను. ఆ శాసనము బీజశక్తిని నశింపజేసికొనవలెనని నియమించెను. జపాను ఉన్నతతమ న్యాయస్థానము ఆ నియమము రాజ్యాంగవిరుద్ధమని 2023 అక్టోబరు 25న తీర్పు చెప్పెను. వైకల్యమను పదము సానుభూతిని తెచ్చినది, శస్త్రమును కూడ తెచ్చినది.

ఈ కాలమున నా దృష్టిలో శ్రేష్ఠమైన రచన షిమురా తకాకో ‘హోరో ముసుకొ’ (2002-2013). బాలికగా ఉండగోరు నితొరి, బాలుడుగా ఉండగోరు తకత్సుకి అను ఇద్దరు పిల్లలు ప్రాథమిక పాఠశాల ఐదవ తరగతినుండి పెరుగుదురు. వారు పాఠశాలలో ఆడు నాటకము ‘వెర్సాయ్ గులాబీ’యే, పాత్రలను తారుమారు చేసి యాడుదురు. రంగస్థలముపై చప్పట్లు. పిదప మాధ్యమిక పాఠశాలలో నితొరి బాలికల యూనిఫారము ధరించి తరగతికి పోయిన దినమున నవ్వులు. ఒక్క వస్త్రమే, వేదికపై కళ, తరగతిలో అపరాధము. జపాను చరిత్రనంతయు షిమురా రెండు దృశ్యములలో ఇమిడ్చినది. తకత్సుకికి కాలక్రమమున బాలుడు కావలెనను కోరిక సడలును, నితొరికి సడలదు. రచయిత్రి ఎవరిని గూర్చియు తీర్పు చెప్పదు, ఎవరిని చంపదు. తండ్రి నిట్టూర్పుతో మొదలైన ‘తొరికాయెబాయ’ కథ ఇచ్చట పిల్లల నోట చెప్పబడుచున్నది.

చలనచిత్రమున పాత యలవాటు త్వరగా చావలేదు. ఉచిదా ఎయిజి ‘మిడ్‌నైట్ స్వాన్’ (2020) జపాను అకాడమీ ఉత్తమచిత్ర బహుమానమును పొందినది. నగిసాగా నటించిన కుసనగి త్సుయొషికి ఉత్తమనటుడను గౌరవము లభించెను. అతని నటనయందు లోపము వెదకుట అన్యాయము. కాని నగిసా శస్త్రచికిత్సానంతరము శిథిలమై మరణించును, ఆమె పెంచిన బాలిక నాట్యమున వెలుగును. సిమోన్, క్లోదిన్, ఎరికోల సరసన ఆమెకును చోటు దొరకినది. చికిత్స ననంతర మరణముతో ముడిపెట్టుట చూచు యువకుల మనస్సులలో భయము నాటునని ట్రాన్స్‌జెండర్ ప్రేక్షకులు కొందరు ఆక్షేపించిరి. ఆ యాక్షేపము కళాస్వాతంత్ర్యమునకు విరుద్ధము గాదు. వేల కథలలో నొకటి విషాదాంతమైన నష్టము లేదు, ఉన్న కొద్ది కథలును విషాదాంతములే యైనచో అది విధివాక్యమగును.

ఆ మరుసటి యేడు, 2021లో, షోజి త్సుయొషి ‘కతసొదె నొ సకన’ (ఒంటిచేతి చేప) అను చిన్నచిత్రమును తీసెను. నిడివి ముప్పదినాలుగు నిమిషములు. నాయిక పాత్రకు ట్రాన్స్‌జెండర్ స్త్రీలనే బహిరంగముగా ఆహ్వానించి, ఇషిజుకా యూను ఎన్నుకొనిరి. నాయిక హికరి అలంకార మత్స్యముల వర్తకసంస్థలో ఉద్యోగిని. కార్యాలయములకు అద్దపుతొట్లను అమర్చి చూచుకొనును. పని పడి స్వస్థలమునకు పోయి, పాఠశాలలో తనతో బంతియాడిన పాత మిత్రులను కలిసికొనును. ఆమె ఎవరిచేతను చంపబడదు. మిత్రులు చెడ్డవారు గారు. పాత పేరుతో పిలిచి, నవ్వి, ఒక ప్రశ్న యడుగుదురు, ఆ నవ్వు చాలును. 2022లో జపాను జాతీయ ప్రసారసంస్థ యురి మాంగా యొకదానిని నాటకమాలికగా ప్రసారము చేసెను. అందులో పొరుగు వాటాలలోని ఇద్దరు స్త్రీలలో నొకతె వండును, ఒకతె కడుపార తినును, వారు మెల్లగా ప్రేమించుకొందురు. యొషియా నొబుకో అటకపైనుండి దించిన జంట ఇప్పుడు ఒక నగరపు వంటయింటిలో బియ్యము కడుగుచున్నది. వారి వివాహమును గుర్తించు శాసనము మాత్రము జపానులో ఇంకను రాలేదు.